ముప్పై పాయింట్ల తేడా: స్క్లిరోడెర్మాలో కిడ్నీ తొలి సంకేతాలు

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో వర్జీనియా స్టీన్, థామస్ మెడ్స్‌గర్ అనే ఇద్దరు వైద్యులు, 1972 నుంచి 2002 దాకా తమ ఆసుపత్రి రికార్డులకెక్కిన సిస్టమిక్ స్క్లిరోసిస్ (స్క్లిరోడెర్మా) రోగులు దేనివల్ల చనిపోయారో లెక్క తీశారు. మొదటి ఏళ్లలో ఈ జబ్బు తెచ్చిన మరణాల్లో 42 శాతం కిడ్నీల వల్ల. చివరి ఏళ్లకు అది 6 శాతానికి దిగింది. అదే కాలంలో ఊపిరితిత్తులు గట్టిపడి పోయినవాళ్ల వాటా 6 నుంచి 33 శాతానికి ఎగబాకింది. ఈ లెక్క వచ్చాక వైద్యుల దృష్టంతా ఊపిరితిత్తుల మీదికి మళ్లింది. స్క్లిరోడెర్మా అనగానే ఛాతీ సీటీ స్కాన్ రాస్తారు, ఊదించి చూస్తారు. కిడ్నీ కథ ముగిసిందన్న భావన చాలామందిలో ఉంది.

ముగియలేదు. 42ను 6 చేసిన మందు, కిడ్నీ దెబ్బతినడం మొదలైన కొద్దిరోజుల్లో అందితేనే ఆ పని చేస్తుంది. ఆ కొద్దిరోజులు ఎవరికి, ఎప్పుడు వస్తాయో ముందే పసిగట్టడం ఎలాగన్నది వైద్యంలో ఇప్పటికీ నలుగుతున్న ప్రశ్న. పెద్దాసుపత్రికి గంటా రెండు గంటల దూరంలో, మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్న హోసూరు, కృష్ణగిరి వాళ్లకు ఈ ప్రశ్న మరింత దగ్గరిది.

ముందు జబ్బు సంగతి. సిస్టమిక్ స్క్లిరోసిస్‌లో ఒంటి రక్షణ వ్యవస్థ తన ఒంటి మీదికే తిరగబడుతుంది. సన్న రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, చర్మంలోనూ లోపలి అవయవాల్లోనూ నారలాంటి కణజాలం పేరుకుంటుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో చాలా ఎక్కువ. తొలి గుర్తు చాలామందిలో చలికి వేళ్లు పాలిపోయి, నీలం తిరిగి, మళ్లీ ఎర్రబడటం. దీన్ని 1862లో వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు మోరిస్ రేనో పేరుతో పిలుస్తారు. హోసూరు ఎత్తు మీదుంది. మార్గశిర, పుష్య మాసాల్లో తెల్లవారుజామున అక్కడ వేళ్లు కొంకర్లు పోని వాళ్లుండరు. కాబట్టి రేనో లక్షణాన్ని ‘చలికదా’ అని తీసేయడం అక్కడ చాలా తేలిక. తర్వాత వేళ్లు ఉబ్బుతాయి, ఉంగరం పట్టదు. ఇంకొన్నాళ్లకు చర్మం ఎముకకు అతుక్కున్నట్టు బిగుస్తుంది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న సంగతి ఎరిగినవాళ్లు కీళ్లు బిగిస్తే నీళ్లనే తప్పుపడతారు. ఫ్లోరైడ్ కీళ్లను, ఎముకలను బిగిస్తుంది గానీ చర్మాన్ని బిగించదు. వేలి వెనక చర్మాన్ని చిటికెతో పట్టి లేపి చూస్తే తేడా తెలిసిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

బిగుతు మోచేతులు, మోకాళ్ల దిగువనే, ముఖం మీదనే ఆగిపోతే దాన్ని పరిమిత రకం అంటారు. పై చేతులకు, తొడలకు, ఛాతీకి, పొట్టకు ఎక్కితే వ్యాప్త రకం. కిడ్నీకి ప్రమాదం ముఖ్యంగా రెండో రకంలోనే.

స్క్లిరోడెర్మాకూ కిడ్నీకీ ఉన్న సంబంధాన్ని వైద్యం చాలా ఆలస్యంగా ఒప్పుకుంది. 1863లోనే వియన్నా వైద్యుడు హైన్రిక్ ఔస్పిట్జ్ తన స్క్లిరోడెర్మా రోగి కిడ్నీలు చెడి చనిపోయినట్టు రాశాడు, కానీ దాన్ని కాకతాళీయమనుకున్నాడు. దాదాపు తొంభై ఏళ్లు గడిచాక, 1952లో లివర్‌పూల్ నుంచి మూర్, షీహన్ లాన్సెట్ పత్రికలో స్క్లిరోడెర్మా కిడ్నీ రూపురేఖలను విడిగా వర్ణించారు. కాన్పులో రక్తస్రావమై పిట్యూటరీ గ్రంథి చచ్చుబడే స్థితికి ఎవరి పేరు పెట్టారో ఆ షీహనే ఈయన. 1969లో డాంజెలో బృందం 58 మంది రోగుల శవపరీక్షలను, వయసులోనూ లింగంలోనూ సరిపోలే మరో 58 మందితో పోల్చింది. కిడ్నీ రక్తనాళాల్లో మార్పులు స్క్లిరోసిస్ ఉన్నవాళ్లలో స్పష్టంగా ఎక్కువ. బతికుండగా కిడ్నీ జబ్బు జాడే లేనివాళ్లలో కూడా అవి కనిపించాయి.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. శవపరీక్షల్లో సగానికి పైగా రోగుల కిడ్నీల్లో ఏదో ఒక మచ్చ దొరుకుతుంది. కిడ్నీ ఒక్కసారిగా చెడి ప్రాణం మీదికి తెచ్చే రీనల్ క్రైసిస్ మాత్రం వ్యాప్త రకంలో వందకు పది పదిహేను మందిలో, ఇటీవలి అధ్యయనాల్లో ఇంకా తక్కువ మందిలో కనిపిస్తుంది. పరిమిత రకంలో ఒకటి రెండు శాతం. మరి ‘తొలి దశ’ అంటే ఏది? అందరిలో ఉండే ఆ నిశ్శబ్దపు మార్పా, కొందరిలో విరుచుకుపడే దాని ముందు ఘడియలా? పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఈ రెంటినీ ఒకే మాటలో చుట్టేయడం వల్ల గందరగోళం పెరిగింది.

నిశ్శబ్దపు మార్పును పట్టే పనిముట్లు చాలానే తయారయ్యాయి. 1974లో కానన్ బృందం కిడ్నీ పై పొరలో రక్తప్రవాహాన్ని కొలిచి, చలితో చేతి వేళ్లలో రేనో లక్షణం రప్పించినప్పుడు కిడ్నీలోనూ ప్రవాహం తగ్గుతున్నట్టు చూపింది. తర్వాత ఇటలీ పరిశోధకులు డాప్లర్ స్కాన్‌తో కిడ్నీ ధమనుల నిరోధ సూచిక కొలిచారు. జబ్బు ముదిరినకొద్దీ, చేతి వేళ్ల కేశనాళికలు చెడినకొద్దీ అది పెరుగుతోంది. మరో పద్ధతిలో రోగికి ఒక్కసారిగా ఎక్కువ ప్రోటీను ఇస్తారు. ఆరోగ్యమైన కిడ్నీ ఆ భారానికి వడపోత పెంచుతుంది. స్క్లిరోసిస్ రోగుల్లో బీపీ, కిడ్నీ పనితీరును చూపే రక్తపరీక్ష క్రియాటినిన్ బాగానే ఉన్నా చాలామంది కిడ్నీ ఆ పని చెయ్యలేకపోతోంది. అంటే నిల్వశక్తి ముందే కరిగిపోయింది. మూత్రంలో సూక్ష్మ ఆల్బుమిన్, రక్తంలో సిస్టాటిన్-సి కూడా ఇదే వరుసలోవి.

ఇవన్నీ జబ్బు గురించి ఎంతో నేర్పాయి. రోగికి ఏం చెయ్యాలో చెప్పడంలో మాత్రం వెనకబడ్డాయి. డాప్లర్ సూచిక పెరిగిన రోగికి ఏ మందిస్తే క్రైసిస్ రాకుండా ఆగుతుందో ఎవరూ చూపలేదు. నిల్వశక్తి తగ్గినవాళ్లలో ఎక్కువమంది ఏళ్ల తరబడి అలాగే నెట్టుకొస్తారు. క్రైసిస్ లేని వ్యాప్త రకం రోగులను స్టీన్ 2005లో పెద్దసంఖ్యలో పరిశీలిస్తే, కిడ్నీ తేడా ఉన్నవాళ్లలో అధికశాతానికి వేరే కారణమే దొరికింది: గుండె జబ్బో, ఒంట్లో నీరు తగ్గడమో, మందుల దుష్ప్రభావమో. కృష్ణగిరి నుంచి బెంగళూరుకు బస్సెక్కి వెళ్లి ఖరీదైన స్కాను తీయించుకున్న రోగికి ఆ కాగితం భయాన్ని మిగిల్చినంతగా దారి చూపదని నా అభిప్రాయం. పరిశోధనకు అవి ఉండాల్సిందే.

క్రియాటినిన్‌తో ఒక జాగ్రత్త అవసరం. అది కండరాల నుంచి పుడుతుంది. స్క్లిరోసిస్‌లో మింగుడు పడక, అరుగుదల లేక రోగి చిక్కిపోతుంది, కండ కరుగుతుంది. అలాంటి మనిషికి 1.0 అని రిపోర్టు వస్తే ల్యాబువాళ్లు నార్మల్ అని రాసేస్తారు. ఆర్నెల్ల కిందట ఆమెకు 0.5 ఉండి ఉంటే వడపోత సగానికి పడిపోయినట్టే. పాత రిపోర్టు పక్కన పెట్టి చూస్తేనే ఆ అంకెకు అర్థం.

ఇక రెండోది, విరుచుకుపడేది. కిడ్నీలోని మధ్యస్థ, చిన్న ధమనుల లోపలి పొర వాచి మందమవుతుంది. సూక్ష్మదర్శినిలో ఉల్లిపొరల్లా వరుసలు కనిపిస్తాయి. దారి ఇరుకై రక్తం అందని కిడ్నీ రెనిన్ అనే పదార్థాన్ని కుమ్మరిస్తుంది. రెనిన్ నాళాలను మరింత బిగిస్తుంది. ఇంకా రక్తం అందదు. ఈ విషవలయం తిరగడం మొదలైతే బీపీ రోజుల్లో ఎగబాకుతుంది. తలనొప్పి, చూపు మసక, ఆయాసం, ఒక్కోసారి మూర్ఛ. ఎర్ర కణాలు ఇరుకు నాళాల్లో చిట్లి రక్తహీనత వస్తుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. వారాల్లో కిడ్నీ మూతపడుతుంది.

ఎవరికి వస్తుందో చాలావరకు తెలుసు. వ్యాప్త రకం, అందులోనూ చర్మం వేగంగా బిగుసుకుంటున్నవాళ్లు. జబ్బు మొదలైన తొలి నాలుగైదేళ్లు. ముప్పాతిక మందికి ఆ గడువులోనే వస్తుంది. కీళ్లు కదిపితే స్నాయువులు కరకరమని రాసుకునేవాళ్లు. కారణం తెలియని కొత్త రక్తహీనత, గుండె చుట్టూ నీరు ఉన్నవాళ్లు. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-3 అనే ప్రతిదేహం ఉన్నవాళ్లు అన్నిటికంటే ముందు వరుసలో ఉంటారు. సెంట్రోమియర్ ప్రతిదేహం ఉన్నవాళ్లకు ముప్పు బాగా తక్కువ. మన దేశపు రోగుల్లో పాలిమరేజ్-3 అరుదు, ఊపిరితిత్తులను పట్టే ఎస్‌సీఎల్-70 ప్రతిదేహం ఎక్కువ. క్రైసిస్ కూడా పాశ్చాత్య దేశాలకంటే తక్కువగానే నమోదవుతోంది. అయితే ఈ ప్రతిదేహాలను వెతకడానికి మన ల్యాబుల్లో చేసే ఏఎన్ఏ ప్రొఫైల్ పట్టీల్లో చాలావాటి మీద పాలిమరేజ్-3 గీతే ఉండదు. వెతకనిది దొరకదు. చర్మం వేగంగా బిగుస్తూ ప్రొఫైల్‌లో ఏమీ తేలని రోగికి దాన్ని విడిగా అడిగి చేయించడం మేలు.

ఈ జాబితాకు తోడు, మనిషి చేతిలో ఉన్న కారణం ఒకటుంది: స్టెరాయిడ్లు. 1998లో స్టీన్, మెడ్స్‌గర్ రీనల్ క్రైసిస్ వచ్చినవాళ్లను, అలాంటి జబ్బే ఉండి క్రైసిస్ రానివాళ్లతో పోల్చారు. అంతకుముందు ఆర్నెల్లలో రోజుకు 15 మిల్లీగ్రాములు లేదా అంతకుమించి ప్రెడ్నిసలోన్ వాడినవాళ్లు మొదటి గుంపులో 36 శాతం, రెండో గుంపులో 12 శాతం. యూరోపియన్ రుమటాలజీ సంఘం మార్గదర్శకాలు కూడా స్టెరాయిడ్ తప్పనిసరైతే బీపీని, కిడ్నీని కళ్లలో వత్తులేసుకుని చూడమంటాయి.

మా వైపు ఇదెలా జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ముప్ఫై అయిదేళ్ల ఇల్లాలికి వేళ్లు ఉబ్బుతాయి, కీళ్లు నొప్పులు పుడతాయి. ఊళ్లో సూది వేసే డాక్టరు దగ్గరికి పోతుంది. సూది పడిన సాయంత్రానికే ఒళ్లు తేలికవుతుంది. ఆయన హస్తవాసి మంచిదన్న నమ్మకం కుదురుతుంది. ఆ సూదిలో ఉన్నది చాలాసార్లు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. 4 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ సుమారు 27 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్‌తో సమానం. దానికితోడు మందుల షాపులో విడి మాత్రల పొట్లం, అందులో నొప్పి మాత్ర డైక్లోఫెనాక్. అది తన వంతుగా కిడ్నీకి రక్తం తగ్గిస్తుంది. నాటుమందు పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలు దేశమంతటా బయటపడ్డాయి. రోగిని అడిగితే స్టెరాయిడ్ వాడలేదనే చెబుతుంది, ఆమె అబద్ధమాడటం లేదు. కాబట్టి అడగాల్సింది స్టెరాయిడ్ పేరు కాదు. ‘సూది వేయించుకున్న రోజే నొప్పులు పోయాయా? ముఖం ఉబ్బిందా? ఆకలి పెరిగిందా?’ అని అడగాలి. ఉబ్బిన వేళ్ల మనిషికి సూది పడేముందు ఒకసారి చర్మం లేపి చూస్తే ఎన్నో ప్రాణాలు దక్కుతాయి.

రెండో స్థానిక సంగతి రాయి. కృష్ణగిరి జిల్లా గ్రానైట్‌కు పేరున్న చోటు. బర్గూరు, డెంకణీకోట, సూళగిరి పక్కల క్వారీలు, కోత యంత్రాలు, క్రషర్లు. ఇక్కడి రంగురంగుల రాయి ఎల్లలు దాటి పోతుంది. గ్రానైట్‌లో అయిదో వంతుకు తక్కువ కాకుండా క్వార్ట్‌జ్ ఉంటుంది, అంటే సిలికా. 1914లో స్కాట్లండ్ వైద్యుడు బైరమ్ బ్రామ్‌వెల్ తన స్క్లిరోడెర్మా రోగుల్లో రాతిపని వాళ్లు ఎక్కువగా ఉండటం గమనించాడు. 1957లో ఎరాస్మస్ అనే వైద్యుడు దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల్లో అదే చూశాడు. సిలికా పీల్చినవాళ్లకు వచ్చే స్క్లిరోసిస్‌ను నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మామూలుగా ఆడవాళ్ల జబ్బైన ఇది రాతిపనిలో మగవాళ్లను పడుతుంది. లోహపు సామాను కడగడానికి, రంగులకు వాడే కొన్ని ద్రావకాలకూ ఈ జబ్బుతో సంబంధం పలు దేశాల అధ్యయనాల్లో తేలింది; ఫ్యాక్టరీల ఊరైన హోసూరులో పనివాళ్ల చరిత్ర అడిగేటప్పుడు ఇది గుర్తుండాలి. కృష్ణగిరిలో స్క్లిరోడెర్మా ఎక్కువని నేను అనడం లేదు. క్వారీలో పనిచేసిన మనిషి బిగిసిన వేళ్లతో వస్తే ‘ఏం పని చేస్తావు?’ అన్న ప్రశ్న వైద్యంలో భాగమని అంటున్నాను.

ఎందుకంటే సిలికా కిడ్నీకి మరో దారి కూడా తెరుస్తుంది. ఆంకా ప్రతిదేహాలతో వచ్చే రక్తనాళాల వాపుకూ సిలికా ఒక కారణం. స్క్లిరోసిస్ రోగుల్లోనూ కొద్దిమందికి ఇది వస్తుంది. సాధారణంగా ఇది జబ్బు మొదలై ఏళ్లు గడిచాక, పరిమిత రకంలోనూ వచ్చే వ్యవహారం. బీపీ పెద్దగా పెరగకపోవచ్చు. క్రియాటినిన్ పెరుగుతుంది, మూత్రంలో రక్తకణాలు పడతాయి. దీనికి వైద్యం పెద్ద మోతాదు స్టెరాయిడ్, దాంతోపాటు రోగనిరోధకతను అణిచే మందులు. రీనల్ క్రైసిస్‌కు అదే స్టెరాయిడ్ నిప్పులో నెయ్యి. పైకి ఒకేలా కనిపించే రెండు కిడ్నీలు, ఎదురెదురు వైద్యాలు. చిక్కు పెంచేదేమంటే, రీనల్ క్రైసిస్ వచ్చినవాళ్లలోనూ పదిమందికొకరికి బీపీ పెరగదు. బీపీ మామూలుగా ఉండి కిడ్నీ చెడుతున్న స్క్లిరోసిస్ రోగికి ఆంకా పరీక్ష, మూత్రాన్ని సూక్ష్మదర్శినిలో చూడటం, వీలైతే బయాప్సీ అయ్యేదాకా తొందరపడి ఏ వైపూ అడుగు వేయకూడదు. అంత సౌకర్యం ఉండేది వేలూరు సీఎంసీ, బెంగళూరు లాంటి చోట్లే గనక రోగిని వెంటనే పంపడమే ఇక్కడి వైద్యుడు చేయగల పెద్ద మేలు.

ఇక 42ను 6 చేసిన ఆ మందు కథ వినసొంపైనది. 1970ల్లో రీనల్ క్రైసిస్ రోగిని బతికించడానికి కొన్నిచోట్ల రెండు కిడ్నీలూ తీసేసి డయాలిసిస్ మీద పెట్టేవారు. ఎంత క్రూరంగా ఉన్నా అందులో తర్కం ఉంది: రెనిన్ పుట్టే చోటునే తీసేయడం. ఈలోగా బ్రెజిల్‌లోని ఒక రక్తపింజర కుటుంబపు పాము విషం మీద సాగిన పరిశోధన నుంచి కాప్టోప్రిల్ పుట్టింది. రెనిన్ మొదలుపెట్టిన గొలుసును అది మధ్యలో తెంపుతుంది. ఈ కోవ మందులను ఏసీఈ మందులంటారు. 1979లో న్యూయార్క్ వైద్యులు దాన్ని స్క్లిరోడెర్మా రీనల్ క్రైసిస్‌లో వాడి ఫలితం ప్రకటించారు. 1990లో పిట్స్‌బర్గ్ లెక్క చూస్తే ఈ మందులు లేనప్పుడు ఏడాది బతికినవాళ్లు 15 శాతం, వాడాక 76 శాతం. ఈ శతాబ్దంలోకి వచ్చాక కూడా ఏ వైద్యశాస్త్ర విభాగంలోనైనా ఇంత తేడా అరుదు.

అలాంటప్పుడు స్క్లిరోసిస్ రోగులందరికీ ముందుజాగ్రత్తగా ఈ మాత్ర ఇచ్చేస్తే పోలేదా? చూడ్డానికి సబబుగానే ఉంటుంది, ఫలితం మాత్రం తలకిందులైంది. 2014లో మేరీ హడ్సన్ బృందం వివిధ దేశాల 75 మంది క్రైసిస్ రోగులను గమనిస్తే, అంతకుముందు నుంచే ఏసీఈ మందు వాడుతున్నవాళ్లలో చావు ముప్పు రెట్టింపుకు పైగా ఉంది. 2020లో యూరోపియన్ రిజిస్ట్రీ వివరాలతో వచ్చిన మరో విశ్లేషణ కూడా ముందే వాడటాన్ని క్రైసిస్‌కు ముప్పుగా గుర్తించింది. మందు బీపీని అదిమి పట్టి హెచ్చరికను కప్పేస్తోందా, లేక ఆ మందు అవసరపడినవాళ్లే అసలు ప్రమాదంలో ఉన్నవాళ్లా అన్నది ఇంకా చర్చలోనే ఉంది. ఏదైనా, క్రైసిస్ రాకముందు ఊరికే ఇవ్వకూడదన్న మాట మీద ఎక్కువమంది నిలబడ్డారు.

అప్పుడు మిగిలేది కనిపెట్టుకుని ఉండటం. ఇక్కడే ముప్పై పాయింట్లు. క్రైసిస్‌ను గుర్తించడానికి నిపుణులు పెట్టుకున్న గీతల్లో ఒకటి బీపీ 140/90 దాటడం. రెండోది, ఆ మనిషి మామూలు బీపీ మీద పై అంకె 30, కింది అంకె 20 పెరగడం. నాకు రెండోదే ముఖ్యమనిపిస్తుంది. పల్చటి ఒళ్లున్న ఆడమనిషికి ఎప్పుడూ 100/60 ఉండేదనుకుందాం. ఈ వారం 132/82 వచ్చింది. నర్సు బాగుందంటుంది, డాక్టరు బాగుందంటాడు. ఈ జబ్బులో అది బాగా లేదు. ఆ రోజే క్రియాటినిన్, రక్తకణాల లెక్క, మూత్రం చూడాలి. వ్యాప్త రకం ఉన్నవాళ్లు తొలి నాలుగైదేళ్లు వారానికి రెండుసార్లైనా ఇంట్లో బీపీ చూసుకుని తేదీతో రాసుకోవడం, స్టెరాయిడ్ వాడుతుంటే ఇంకా తరచుగా చూసుకోవడం, ఇదే నేటికీ అన్నిటికంటే పనికొచ్చే తొలి పరీక్ష. మోచేతి పైన కట్టే డిజిటల్ యంత్రం ఖరీదు ఒక్క డాప్లర్ స్కాన్ ఖర్చుతో తూగుతుంది.

తమిళనాడు ప్రభుత్వం ఇంటి ముంగిటికే వైద్యమంటూ ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని 2021 ఆగస్టు 5న మొదలుపెట్టింది ఈ కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. బీపీ, షుగర్ మందులు ఇంటికి తెచ్చివ్వడం, ఇంట్లోనే పొట్ట ద్వారా డయాలిసిస్ చేసుకునేవాళ్లకు ద్రవపు సంచులు అందించడం అందులో ఉన్నాయి. అంటే బీపీ యంత్రం పట్టుకున్న మనిషి వీధిలోకి వస్తూనే ఉంది. ఆమె దగ్గరున్న జాబితాలో బీపీ రోగులున్నారు. బీపీ ఇంకా రాని, వస్తే ప్రాణాంతకమయ్యే స్క్లిరోడెర్మా మనిషి లేదు. ఒక గ్రామానికి అలాంటివాళ్లు ఒకరుండటమే ఎక్కువ. ఆ ఒక్క పేరు జాబితాలో చేర్చడానికి కొత్త పథకం అక్కర్లేదు.

పాత అంకె దొరకడం మాత్రం ఈ నేల మీద కష్టమే. హోసూరు మనిషి బెంగళూరుకు పోతుంది, అక్కడి చీటీ ఒకటి. వేపనపల్లి మనిషి రాష్ట్రం దాటి కుప్పం పీఈఎస్‌కు పోతుంది. కృష్ణగిరిలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022 నుంచీ ఉంది. కొందరు వేలూరుకు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బెంగళూరు ఆసుపత్రిలో కన్నడం, ఇంగ్లీషు. ఒక చోటి రికార్డు ఇంకో చోటికి రాదు. ప్రతి డాక్టరూ ఆమెను ఇవాళే మొదటిసారి చూస్తాడు, ఇవాళ్టి అంకె ఒక్కటే చూస్తాడు. పెరుగుదలను బట్టి తేల్చాల్సిన జబ్బుకు ఇంతకంటే ప్రతికూలమైన ఏర్పాటు ఉండదు. రోగి సంచీలో పాకెట్ నోటుపుస్తకం ఉంటే ఏ ఆసుపత్రి కంప్యూటరూ ఇవ్వలేని వరుస అందులో దొరుకుతుంది.

గర్భిణుల విషయం ఇంకా సున్నితం. ఆ నెలల్లో బీపీ పెరిగితే గుర్రపువాతమనుకోవడం సహజం. ఏసీఈ మందులు కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి గనుక గర్భిణులకు ఇవ్వరు. నిజమైన రీనల్ క్రైసిస్ వస్తే తల్లి ప్రాణం కోసం ఆ నియమాన్నే దాటాల్సి వస్తుంది. వ్యాప్త రకం స్క్లిరోసిస్ తొలి ఏళ్లలో గర్భం వాయిదా వేసుకోమని వైద్యులు చెప్పేది ఇందుకే.

క్రైసిస్ వచ్చాక చేసే పొరపాట్లలో అన్నిటికంటే ఖరీదైనది ఒకటుంది. ఏసీఈ మందు మొదలుపెట్టాక తొలిరోజుల్లో క్రియాటినిన్ పెరగవచ్చు. మామూలు కిడ్నీ జబ్బులో ఆ మాత్ర ఆపేయడం వైద్యులకు అలవాటు, ఆ అలవాటుతో ఇక్కడా ఆపేస్తారు. ఆపకూడదు. డయాలిసిస్ దాకా వెళ్లినా ఆపకూడదు. 2000లో పిట్స్‌బర్గ్ వైద్యులు ఏసీఈ మందు వాడిన 145 మంది ఏమయ్యారో చూశారు. 55 మందికి డయాలిసిస్ అవసరమే పడలేదు. డయాలిసిస్ మీదికి వెళ్లి తొలి నెలలు దాటినవాళ్లలో సగానికి పైగా, 34 మంది, సగటున ఎనిమిది నెలలకు దాన్నుంచి బయటపడ్డారు. కొందరికి ఏడాదిన్నర పట్టింది. అందుకే కిడ్నీ మార్పిడి నిర్ణయాన్ని ఏడాదిన్నర, రెండేళ్ల దాకా ఆపమంటారు. ధర్మపురిలోనో హోసూరులోనో వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు వెళ్లే స్క్లిరోడెర్మా రోగి ఫైలు మీద, ‘ఈ మాత్ర ఆపవద్దు, మూత్రం ఎంత వస్తోందో నెలనెలా కొలవండి’ అని ఆమెను పంపిన పెద్దాసుపత్రి డాక్టరు రాసివ్వాలి.